వంటింటి కిటికీ కింది బల్ల

చిన్నకోడలికి అరవై దగ్గరపడ్డాయి. పెద్దకోడలు ఆ గీత దాటి చాలా కాలమైంది. ఇద్దరి జుట్టూ తెల్లబడింది, ఇద్దరి మోకాళ్ళూ మెట్లను చూస్తే మొహం తిప్పుకుంటున్నాయి. అయినా ఇంట్లో ఇప్పటికీ వాళ్ళు పెద్దకోడలూ చిన్నకోడలే. వాళ్ళని కోడళ్ళుగా తెచ్చుకున్న అత్తగారు పోయి ఏళ్ళు గడిచినా ఆ ఉద్యోగం నుంచి వాళ్ళకి రిటైర్మెంటు రాలేదు. పోయినేడు పెద్దకోడలి కొడుక్కి పెళ్ళయి ఇంకో అమ్మాయి ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ పిల్లని కొత్తకోడలు అన్నారు గానీ, పాతవాళ్ళకి ప్రమోషన్ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

ఇద్దరిలో నవ్వు పెద్దకోడలిది. చిన్నకోడలు మాట అంటుంది, పెద్దకోడలు నవ్వుతుంది, ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పద్ధతి. ఈ మధ్య ఆ నవ్వు తేడాగా వస్తోంది. నవ్వుగా బయల్దేరుతుంది, సగం దారిలో దగ్గుగా మారుతుంది. మొదట్లో చిన్నకోడలు పట్టించుకోలేదు. తరవాత జోకులు తగ్గించింది. నవ్వించడానికి భయపడుతున్నానని తనకి తెలిసిన రోజున అక్కని ఆటో ఎక్కించి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు కుర్రవాడు. పెద్దకోడలి నోటికి ఒక గొట్టం పెట్టి ఊదమన్నాడు. "ఇంకా ఊదండి, ఇంకా, ఇంకా."

"ఉన్నదంతా ఊదేశాను నాయనా," అంది పెద్దకోడలు గొట్టం తీసి. "ఇంటికి వెళ్ళడానికి కాస్త దాచుకోవద్దూ?"

అతను కాగితం మీద గీతలు చూసి, "మీరు సిగరెట్లు తాగేవారా?" అని అడిగాడు.

పెద్దకోడలు తోడికోడలి వైపు తిరిగింది. "చెప్పవే, తాగామా?"

"ఇంకా లేదక్కా."

డాక్టరు నవ్వలేదు. "వంట దేనిమీద చేసేవారు?"

"మొదట్లో కిరసనాయిలు స్టవ్వు. తరవాత గ్యాసు."

"వంటింటికి కిటికీ ఉందా?"

"ఉంది."

"ఎటువైపు తెరుచుకుంటుంది?"

"తెరుచుకోదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇది కాపురానికి వచ్చినప్పటినుంచి," అని చిన్నకోడల్ని చూపించింది పెద్దకోడలు. డాక్టరు చిన్నకోడలి వైపు చూసిన చూపులో, ఈవిడ వచ్చి కిటికీని ఏం చేసింది అన్న అనుమానం కనిపించింది.

అతను చెప్పింది పొడుగ్గానే చెప్పాడు గానీ సారాంశం చిన్నది. పొగ సిగరెట్టుదైనా స్టవ్వుదైనా ఊపిరితిత్తికి తేడా తెలియదు. పోయిన ఊపిరి తిరిగిరాదు, మిగిలినదాన్ని కాపాడుకోవాలి. స్టవ్వు వెలిగించకముందే కిటికీ తీయాలి, వంట అయ్యాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. నూనె పొగలొచ్చేదాకా కాగబెట్టకూడదు. దోమల చుట్టలూ గదిలో కొట్టే సెంట్లూ మానాలి. చీపురుతో దుమ్ము లేపే బదులు తడిగుడ్డ పెట్టాలి. రోజూ ఈ మందు పీల్చాలి. "ఆ గాలి మారేదాకా మీరు మాత్రం వంటింట్లోకి వెళ్ళకూడదు," అన్నాడు చివర్లో.

పెద్దకోడలు ఆ మాటని శిక్ష కింద పంపే బదిలీ ఆర్డరులా విన్నది. ఆటో సగం దూరం వచ్చింది. అప్పుడు అంది: "కిటికీ తియ్యడం కుదరదు."

"ఎందుకు కుదరదు? అత్తగారు పోయి ఎన్నాళ్ళయింది."

"కొత్తకోడలు ఉందిగా. ఫోన్ సిగ్నల్ బాగా వస్తుందని ఆ పిల్ల లాప్‌టాప్ పట్టుకుని కిటికీ బయటి బల్ల మీదే కూర్చుంటుంది. ఇంకేమన్నా ఉందా."

"అంటే మొదట అత్తకి భయపడి మూశాం, ఇప్పుడు కోడలికి భయపడి తియ్యం."

"మధ్యలో మనకి భయపడే బ్యాచ్ ఒకటి రావాలి. ఎక్కడో తప్పిపోయింది," అని నవ్వబోయి దగ్గింది పెద్దకోడలు. ఆటో అతను వెనక్కి తిరిగి మంచినీళ్ళ సీసా అందించాడు.

*

ఆ కిటికీ మూతపడ్డ రోజు చిన్నకోడలికి బాగా గుర్తు.

అప్పుడామె డిగ్రీ పుచ్చుకుని ఇంట్లో అడుగుపెట్టిన కొత్త. మొక్కల పేర్లు శాస్త్రీయంగా చెప్పగలదు, వాటిలో దేన్ని ఎంతసేపు వేయించాలో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. మొదటిసారి ఒంటరిగా కూర చేయమన్నారు. వంకాయ ముక్కలు వేసి, ఏదో ఆలోచించుకుంటూ నిలబడింది. తేరుకునేసరికి మూకుడులోంచి నల్లటి పొగ. కిటికీ బయట సిమెంటు బల్ల. బల్ల మీద అత్తగారు.

అత్తగారు లావైన మనిషి కాదు, గట్టిగా మాట్లాడే మనిషీ కాదు. కానీ గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఒక చూపు చూసేది. ఆ చూపుకి జేబులు తడుముకోవాలనిపించేది. తోడికోడళ్ళు ఆవిడకి తరవాత్తరవాత టీసీ అని పేరు పెట్టుకున్నారు, రైల్లో టికెట్లు చూసే మనిషిలా ఉంటుందని.

పెద్దకోడలు పొగ వాసన పట్టి పరుగెత్తుకొచ్చింది. తిట్టలేదు. ఒక్క క్షణం మూకుడు వైపూ, కిటికీ వైపూ చూసి, ముందు కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టింది. తలుపు కూడా మూసింది. "ఏడవకు. మాడు వాసన బయటికి పోకపోతే చాలు. మిగతాది నేను చూసుకుంటా," అని గుసగుసగా అంది. మాడిన అడుగు వదిలేసి పైముక్కలు వేరే గిన్నెలోకి తీసి, ఇన్ని ఉల్లిపాయలు వేసి, ఏదో చేసింది. ఆ సాయంత్రం అందరూ తిన్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. వంటింట్లో కళ్ళు మండుతున్న ఇద్దరాడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గెలిచాం అనుకున్నారు.

అలా దయగా మూసిన కిటికీ తరవాత అలవాటుగా మూసుకుంది. రోజూ మధ్యాహ్నం, ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక, సాయంత్రానికి ఏదో వేయించాలన్న వంకతో ఇద్దరూ వంటింట్లోకి పోయేవారు. తలుపు వేసేవారు. కిరసనాయిలు స్టవ్వు బుస్సుమని శబ్దం చేస్తుంటే దాని చాటున గుసగుసలు. చిన్నకోడలి మొగుడు ఉద్యోగం పేరుతో ఊళ్ళు తిరిగే మనిషి. ఆయన మీద కోపాలన్నీ ఆమె ఆ స్టవ్వుకే చెప్పుకుంది. పెద్దకోడలి తల్లి పోయిన ఏడాదంతా పెద్దకోడలు ఆ పొగలోనే ఏడ్చింది. పొగకి ఒక సుగుణం ఉంది, కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగరు.

మధ్యలో ఒకసారి అత్తగారికి ఎందుకో ఉన్నట్టుండి గాలి మీదికి పోయింది మనసు. వంటింటికి పొగ లాగే ఫ్యాను కావాల్సిందేనని పెద్దకొడుకు వెంటపడి గోడకి కన్నం కొట్టించి పెట్టించింది. తోడికోడళ్ళు ఆ కన్నాన్ని చూశారు. సరిగ్గా బల్లకి పైన. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కిటికీ మూశామని ఆవిడ గోడకే చెవి పెట్టింది. ఫ్యాను నెలరోజులు కూడా తిరగలేదు. పెద్దకోడలు ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన పాత పిండి డబ్బా మూత ఆ కన్నానికి కొలిచినట్టు సరిపోయింది. ఫ్యాను ఊడదీసి అటక మీద పెట్టారు. అత్తగారు ఒకరోజు వచ్చి ఆ మూతని చూసింది. చూసి ఊరికే వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా గెలిచాం అనుకున్నారు.

*

డాక్టరు మాట ప్రకారం పెద్దకోడలు ముందుగదిలో కూర్చుంది. చిన్నకోడలు ఒక్కతే వంటింట్లో నిలబడింది. కూర కలుపుతూ, "అది కాదక్కా, నిన్న ఏమైందో తెలుసా," అని గొంతు తగ్గించి మొదలుపెట్టింది. పక్కన ఎవరూ లేరు. 

ఇంత బతుకులో తను నిజంగా మాట్లాడింది ఒక్క మనిషితో. ఆ మనిషి ఊపిరి ఈ గదిలోనే, తను మాట్లాడుతుంటే, కొంచెం కొంచెంగా కరిగిపోయింది. ఇంకా కరిగితే ఈ గుసగుసలు చెప్పుకోవడానికి మళ్ళీ స్టవ్వే మిగులుతుంది. గ్యాసు స్టవ్వుకి బుస్సుమనే ఓపిక కూడా లేదు.

స్టవ్వు కట్టేసి స్క్రూడ్రైవరు తెచ్చింది. గడియ కదిలింది గానీ రెక్కలు కదల్లేదు. ఇంటికి రంగు వేసిన ప్రతిసారీ మూసిన కిటికీ మీదే వేసుకుంటూ పోయారు. గీకితే పైన మీగడ రంగు, దాని కింద నీలం, దాని కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ రంగు నాటికి తన కూతురు పుట్టలేదు. నీలం నాటికి ఆ పిల్ల బడికి పోనని ఈ వంటింట్లోనే వంటగట్టు కింద దాక్కుంది. చిన్నకోడలు గీకడం ఆపి ఆ నీలాన్ని వేలితో తడుముతుంటే వెనక నుంచి బావగారి గొంతు వినిపించింది.

"స్క్రూడ్రైవరుతో రాదమ్మాయ్. తప్పుకో."

పెద్దకోడలి భర్త, ఈ ఇంటి పెద్దకొడుకు, మాటలు పొదుపుగా వాడే మనిషి. రిటైరయ్యాక ఆ ఉన్న నాలుగూ కూడా తగ్గించాడు. ఉలీ సుత్తీ తెచ్చి రెక్కల మధ్య సందులో పెట్టి తట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకి పెద్దకోడలు లేచి వచ్చింది. డాక్టరు మాట దాటకుండా గడప అవతలే నిలబడి, "ఎవరి అనుమతితో?" అంది.

బావగారు ఉలిని ఇంకాస్త లోపలికి దించాడు. ఇంకో రెండు దెబ్బలు వేసి, "ఇది ఎందుకు మూశారో నాకు తెలుసు," అన్నాడు.

"చలిగాలికి బావగారూ," అంది చిన్నకోడలు.

"టీసీ వింటుందని."

సుత్తి ఆగలేదు. తోడికోడళ్ళిద్దరికీ మాత్రం గుండె ఆగినంత పనయింది.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?" అంది పెద్దకోడలు గడప అవతలి నుంచి.

"అమ్మే చెప్పింది. నచ్చింది కూడా. ఈ ఇంట్లో టికెట్ లేని వాళ్ళే ఎక్కువ, ఎవరో ఒకరు చూడాలిగా అనేది."

"కిటికీ మూసే ఉండేదిగా. ఎలా వినబడుతుంది?" అంది మళ్ళీ పెద్దకోడలే.

బావగారు ఉలి తీసి ఆ చెక్క రెక్కని వేలితో కొట్టి చూపించాడు. "ఇది పొగని ఆపుతుంది. నీ గొంతునేం ఆపుతుంది? నువ్వు గుసగుసలాడితే పక్కింటివాళ్ళు జవాబు చెబుతారు."

చిన్నకోడలు గబగబా లెక్కలు వేసుకుంది. ఆ పొగలో తను అన్న మాటలన్నీ, మొగుడి మీదవి, ఆడపడుచు మీదవి, ముఖ్యంగా అత్తగారి నడక మీద చేసి చూపించిన అనుకరణ. అనుకరణ కనబడి ఉండదు, అదొక్కటే ఊరట. అంతలో ఇంకోటి గుర్తొచ్చింది. ఏ రాత్రి మొగుడు ఊరి నుంచి వచ్చినా, మర్నాడు పొద్దున్నే అత్తగారు కొడుకుని గుమ్మంలో నిలబెట్టి, కారణం చెప్పకుండా కడిగేసేది. ఆవిడకి ఎలా తెలిసేదో అని అప్పట్లో ఆశ్చర్యపోయేవారు.

"పొగలో మేము దగ్గుతుంటే వింటూ కూర్చుందా, చెప్పకుండా?" అంది పెద్దకోడలు. ఆమె గొంతులో నవ్వు లేదు.

"చెబుదామనే అనుకుంది. ఒకరోజు నన్ను పిలిచి, వాళ్ళని కిటికీ తియ్యమని చెప్పరా, ఆ పొగలో ఊపిరాడక చస్తారు అంది. నువ్వే చెప్పమ్మా అన్నాను. నేను చెబితే వింటున్నానని తెలిసిపోతుంది, ఇంక అక్కడ మాట్లాడుకోరు అంది. పోనీ వినడం మానెయ్ అన్నాను." ఇన్ని మాటలు ఒకేసారి అన్నందుకు బావగారు కాసేపు అలుపు తీర్చుకున్నాడు. "దానికి ఒప్పుకోలేదు. మీ నాన్న పోయాక ఈ ఇంట్లో నాతో ఎవరు మాట్లాడుతున్నార్రా, అదొక్కటే నాకు కాలక్షేపం అంది. ఆ తరవాతే ఫ్యాను పెట్టించింది. కిటికీ ఎలాగూ తియ్యరు, కనీసం పొగన్నా పోతుందని."

తోడికోడళ్ళు ఇద్దరూ తలెత్తి గోడకున్న పిండి డబ్బా మూత వైపు చూశారు. అది ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

"దగ్గు మందు ఆవిడే తెప్పించేది," అంది పెద్దకోడలు నెమ్మదిగా. "సీసా అయిపోకముందే ఇంకోటి వచ్చేది. ఆవిడకి దగ్గు లేదు. ఎవరికోసమా అనుకునేదాన్ని."

చిన్నకోడలు అడగలేక అడిగింది. "చెప్పి ఉంటే తీసేవాళ్ళమా అక్కా?"

పెద్దకోడలు న్యాయంగా ఆలోచించింది. "తీసేవాళ్ళం. తీసి నోళ్ళు మూసుకునేవాళ్ళం."

రంగు పొరలు పటపటమని విడిపోయాయి. బావగారు భుజంతో నెట్టాడు. ఒక రెక్క, దాని వెనకే ఇంకోటి, కీచుమని తెరుచుకున్నాయి. స్టవ్వు మీదికి ఎండ పడింది. ఆ స్టవ్వు ఎండని చూడటం అదే మొదటిసారి. గోడ మూలల్లో మసి ఎంత మందంగా పేరుకుందో అప్పుడు కనబడింది. పొరుగువాళ్ళ పెరట్లో ఆరేసిన బట్టల వాసనతో గాలి లోపలికి వచ్చి, ఎటుపోవాలో తెలియని చుట్టంలా ఒకసారి గదంతా తిరిగింది.

చిన్నకోడలు బయటికి తలపెట్టి కిందికి చూసింది. సిమెంటు బల్ల. దాని వెనక గోడ మీద, సరిగ్గా కిటికీ అంచు కింద, అరచెయ్యంత నల్లటి జిడ్డు మరక. ఇన్నేళ్ళూ పెరట్లోకి పోతూ వస్తూ ఆ మరకని చూస్తూనే ఉంది. తల నూనె అని తెలుసు. ఆ మెడ అంత పైకి ఎందుకు సాగి ఉండేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

బావగారు ఉలి తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అన్నట్టు, నువ్వు మొదటిసారి చేసిన వంకాయ కూర అమ్మాయ్. ఆ రోజు మేము ఇంటికి రాగానే అమ్మ వీధి గుమ్మంలోనే ఆపింది. కూర మాడింది, కొత్తపిల్ల ఏడ్చింది, ఎవరన్నా మొహం చిట్లిస్తే ఊరుకోను అంది."

ఆయన వెళ్ళిపోయాడు. పెద్దకోడలు గడప మీద చతికిలబడింది. చిన్నకోడలు కిటికీ దగ్గరే నిలబడింది. పొగ లేదు, ఉల్లిపాయలు లేవు. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

*

లోపలి గోడలు కడిగించారు. పిండి డబ్బా మూత తీసి, అటక మీది ఫ్యానుకి నూనె వేయించి మళ్ళీ పెట్టించారు. అది ముసలి గొంతుతో మూలిగినా పొగ మాత్రం లాగుతోంది. స్టవ్వు వెలిగించే ముందు కిటికీ తెరవడం అన్నది ఇంట్లో చట్టమైంది. పెద్దకోడలు మందు పీల్చడం మరిచిపోతే చిన్నకోడలు గుర్తుచేస్తుంది, గుర్తుచేస్తే పెద్దకోడలు తిడుతుంది. ఆ తిట్టు మునుపు సగంలో తెగిపోయేది, ఇప్పుడు చివరిదాకా వస్తోంది.

గాలి మారిందని డాక్టరు వంటింట్లోకి వెళ్ళనిచ్చినా, వేయించే పని వద్దన్నాడు. అందుకని సాయంత్రాలు ఆ పని కొత్తకోడలూ, చిన్నకోడలి కూతురూ తీసుకున్నారు. వదినా ఆడపడుచులిద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. లాప్‌టాప్ బల్ల ఖాళీ అయింది. ఒకరోజు పెద్దకోడలు పోయి దాని మీద కూర్చుంది. చిన్నకోడలు పక్కన చేరింది. పెద్దకోడలి తల, చోటు ముందే తెలిసినట్టు, పోయి ఆ మరక మీద ఆనింది.

లోపల ఉల్లిపాయలు చుయ్యిమన్నాయి. ఫ్యాను మూలిగింది. అమ్మాయిలిద్దరూ ముందు ఆఫీసు సంగతులు మాట్లాడుకున్నారు. ఆ తరవాత గొంతులు తగ్గాయి. ఏదో చిన్న నవ్వు. "ఉష్, సీసీ కెమెరా బయటే ఉంది," అంది కొత్తకోడలు గొంతు.

పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసింది. నేనా అన్నట్టు వేలితో తన గుండె మీద పొడుచుకుంది. చిన్నకోడలు అవునన్నట్టు తలూపింది.

తల పైన కిటికీలోంచి గాజు తొడుక్కున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి రెక్కని పట్టుకుంది. మెల్లగా, చప్పుడు కాకుండా లోపలికి లాగుతోంది. రెక్క సగం మూసుకుంది. చిన్నకోడలు లేవబోయి ఆగింది. తియ్యమని చెబితే వింటున్నామని తెలిసిపోతుంది. చెప్పకపోతే ఆ పొగ. అత్తగారు ఇదే బల్ల మీద ఇదే చిక్కులో ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుందో.

పెద్దకోడలు గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్, కిటికీ మూయకు," అంది పైకి చూడకుండా, కావలసినదానికన్నా గట్టిగా. "నాకు ఈ మధ్య చెవులు బొత్తిగా పనిచెయ్యడం లేదు. ఎవరేమన్నా గుయ్యిమంటోంది తప్ప ముక్క తెలియదు. మీ చిన్నత్తకి మొదటినుంచీ అంతే."

చెయ్యి ఆగింది. కాసేపు ఎటూ పోలేదు. తరవాత రెక్కని మళ్ళీ గోడ దాకా తెరిచి, కొక్కెం తగిలించి, లోపలికి వెళ్ళిపోయింది.

 ఉల్లిపాయలు కూడా తగ్గి వేగుతున్నట్టున్నాయి. తరవాత చిన్నకోడలి కూతురు గొంతు, ఏమాత్రం తగ్గించకుండా: "పాపం వదినా. కెమెరాకి ఆడియో పోయిందట."

పెద్దకోడలు పక్కనున్న తువ్వాలు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది. చెవిటిదాన్నని చెప్పిన మనిషి నవ్వకూడదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చిన్నకోడలు అలవాటుగా ఆమె వీపు మీద చెయ్యి వేసి, నవ్వు దగ్గుగా మారే ఆ మలుపు కోసం కాచుకుంది.

నవ్వు ఆ మలుపు దగ్గరికి వచ్చింది. దాటి పోయింది. ఇంకా పోతూనే ఉంది.